చిమ్మట బొమ్మతో కొత్త స్టాంపు విడుదలైనప్పుడు సేకర్తలు ఏం చేయాలి?

పులి, నెమలి, దేశనాయకుడు బొమ్మలతో స్టాంపు వస్తే పోస్టాఫీసుల్లో గిరాకీకి లోటుండదు. వానాకాలం రాత్రుళ్లు వీధి దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు చిమ్మట (ఇంగ్లీషులో మాత్) స్టాంపు మీదికి వచ్చినప్పుడు మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు, అందువల్ల శ్రద్ధ ఉన్న సేకర్తకు అది నిదానంగా, కావలసిన రూపాలన్నిటిలో, ముఖవిలువకే, అంటే స్టాంపు మీద అచ్చయిన ధరకే దొరుకుతుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు పరిసరాల్లో ఉండి స్టాంపులు సేకరించే వారు, ముఖ్యంగా ఈ మధ్యనే మొదలుపెట్టినవారు, అటువంటి స్టాంపు విడుదల వార్త తెలిసినప్పటి నుంచి దానిని ఆల్బంలో పెట్టేవరకు వరుసగా ఏమేం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. కొనడం ఇందులో తేలికైన భాగం. మన సముద్రతీరపు గాలిలో దానిని పాడు కాకుండా నిలుపుకోవడమే కష్టమైన భాగం కాబట్టి ఆ విషయానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదట వివరాలు సరిచూసుకోండి

వార్త కంటపడగానే డబ్బు పంపకండి. ఆ స్టాంపును విడుదల చేస్తున్న దేశం ఏది, తేదీ ఏది, ముఖవిలువ ఎంత, అది ఒంటరి స్టాంపా లేక వరుసలో ఒకటా, మినియేచర్ షీట్ (ఒకటో కొన్నో స్టాంపులతో, చుట్టూ అలంకరించిన అంచుతో వచ్చే చిన్న షీటు) కూడా ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. స్మారక స్టాంపా, రోజువారీ వాడకానికి వచ్చిన సాధారణ స్టాంపా అన్నది కూడా తెలుసుకోవాలి. స్మారక స్టాంపును మామూలుగా ఒక్కసారే పరిమిత సంఖ్యలో ముద్రిస్తారు, సాధారణ స్టాంపును అవసరాన్ని బట్టి మళ్లీ మళ్లీ ముద్రిస్తారు. కాబట్టి మొదటిదాని విషయంలో ఆలస్యం పనికిరాదు, రెండవదాని విషయంలో తొందర అక్కరలేదు.

భారత తపాలా శాఖ స్టాంపు అయితే దానితోపాటు వచ్చే బ్రోషర్‌ను తప్పకుండా సంపాదించండి. అందులో బొమ్మకు సంబంధించిన వ్యాసంతోపాటు విడుదల తేదీ, విలువ, ముద్రించిన సంఖ్య, ముద్రణ పద్ధతి, ముద్రించిన ప్రెస్సు పేరు ఉంటాయి. పదేళ్ల తరువాత మీ ఆల్బం పేజీలో నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు ఇంతకన్నా నమ్మదగిన ఆధారం మరొకటి దొరకదు.

విదేశీ స్టాంపు అయితే అది అసలు ఆ దేశపు తపాలా సంస్థ విడుదల చేసినదేనా అని చూడాలి. సీతాకోకచిలుకలు, చిమ్మటలు, పక్షులు, రైళ్లు వంటి జనాదరణ గల అంశాల మీద, ఏ దేశపు తపాలా సంస్థకూ తెలియకుండా ఎవరో ముద్రించి దేశాల పేర్లు తగిలించి అమ్మే దొంగ స్టాంపులు చాలా ఉన్నాయి. వీటిని గుర్తించడానికి ప్రపంచ తపాలా సంఘం భాగస్వామ్యంతో 2002 జనవరి 1 నుంచి డబ్ల్యూఎన్ఎస్ అనే నమోదు పద్ధతి నడుస్తోంది. అందులో పాల్గొనే దేశాలు విడుదల చేసిన ప్రతి స్టాంపుకూ ఒక సంఖ్య, బొమ్మ, వివరాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. అన్ని దేశాలూ అందులో లేవు కనుక, అక్కడ కనిపించనంత మాత్రాన అది దొంగ స్టాంపు అనుకోనక్కరలేదు, ఆ దేశపు తపాలా సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కూడా వెతకాలి. రెండు చోట్లా జాడ లేకుండా, ఆన్‌లైన్‌లో చవకగా టోకుగా అమ్ముడవుతున్న రంగురంగుల షీట్ల జోలికి మాత్రం వెళ్లకండి.

ఎక్కడ, ఎన్ని కొనాలి

మన దేశపు స్టాంపు కోసం మీ జిల్లా కేంద్రంలోని హెడ్ పోస్టాఫీసుకు, అంటే నెల్లూరు వారు నెల్లూరు హెడ్ పోస్టాఫీసుకు, ఒంగోలు వారు ఒంగోలు హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి, స్టాంపుల సేకర్తల కోసం కేటాయించిన కౌంటరు ఉందా, కొత్త స్టాంపులు ఎప్పుడు వస్తాయి అని అడగండి. ఊళ్లలోని చిన్న పోస్టాఫీసులకు స్మారక స్టాంపులు వస్తాయన్న నమ్మకం ఉండదు. ప్రతిసారీ పనిమాలా తిరగలేని వారికి ఫిలాటెలిక్ డిపాజిట్ అకౌంటు మంచి మార్గం. కనీసం 200 రూపాయలు కట్టి ఈ ఖాతా తెరిస్తే, మీకు ఏ రూపంలో ఎన్నెన్ని కావాలో దరఖాస్తులో రాసిన ప్రకారం, కొత్త స్టాంపులు విడుదలైనప్పుడల్లా ఖాతాలోని సొమ్ములోంచి మినహాయించుకుని ఇంటికి పంపుతారు. నిల్వ అయిపోతే పంపడం ఆగిపోతుంది కనుక అప్పుడప్పుడు సొమ్ము జమ చేస్తూ ఉండాలి.

సంఖ్య విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. వాడని స్టాంపులు రెండు, షీటు అంచుతో కూడిన, విడదీయని నాలుగు స్టాంపుల బ్లాకు ఒకటి, విడుదల రోజు ముద్ర పడిన తొలిరోజు కవరు ఒకటి, బ్రోషర్ ఒకటి, మినియేచర్ షీట్ ఉంటే అది ఒకటి తీసుకుంటే సేకర్తకు కావలసినవన్నీ వచ్చినట్టే. నిజంగా ఉత్తరాలకు అంటించడానికి మరో నాలుగైదు విడి స్టాంపులు చాలు. రేపు ధర పెరుగుతుందని పూర్తి షీట్లు కొని బీరువాలో పెట్టవద్దు. ఈ కాలపు స్మారక స్టాంపులు చాలావరకు దశాబ్దాలు గడిచినా ముఖవిలువకు అటూ ఇటూగానే అమ్ముడవుతాయి.

విదేశీ స్టాంపును ఆ దేశపు తపాలా సంస్థ ఆన్‌లైన్ దుకాణం నుంచే తెప్పించుకోవడం మేలు. స్టాంపు ధర కన్నా దానిని పంపే ఖర్చే ఎక్కువయ్యే సందర్భాలు ఉంటాయి కనుక, ఊళ్లో ఉన్న నలుగురు సేకర్తలూ కలిసి ఒకే ఆర్డరు పెట్టుకోండి.

తొలిరోజున చేయవలసినవి

తొలిరోజు కవరు మీద ఆ స్టాంపు కోసమే తయారు చేసిన ప్రత్యేక ముద్ర పడుతుంది. అది అందమైన వస్తువే కాని, ఎక్కడికీ ప్రయాణించని కవరు. నా దృష్టిలో దానికన్నా విలువైనది, సరైన తపాలా ఖర్చుకు ఆ స్టాంపునే అంటించి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నిజంగా వెళ్లిన మామూలు ఉత్తరం. మన దేశంలో 20 గ్రాముల వరకు సాధారణ ఉత్తరానికి 5 రూపాయలు చాలు, మన స్మారక స్టాంపుల్లో ఎక్కువ భాగం 5 రూపాయలవే. కాబట్టి ఒంగోలులో ఉన్నవారు కావలిలోని మిత్రునికి, కావలివారు ఒంగోలుకు ఒక్కొక్క ఉత్తరం రాసుకుంటే ఇద్దరికీ చెరొక కవరు మిగులుతుంది. స్టాంపును కుడివైపు పైమూలలో, అంచుల నుంచి కొంచెం ఎడం ఉంచి అంటించండి. డబ్బాలో వేయకుండా కౌంటరుకు తీసుకువెళ్లి, "సార్, ముద్ర స్టాంపు మూల మీద పడేటట్టు, ఊరి పేరు, తేదీ చదవడానికి వచ్చేటట్టు కొంచెం చూసి వేయండి" అని మర్యాదగా అడిగితే చాలామంది సిబ్బంది సంతోషంగానే వేస్తారు. ముద్ర వేయవలసిన వేళ కౌంటరు ముందు జనం బారులు తీరి ఉంటే మాత్రం ఆ కోరిక కోరకండి, మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లండి.

ఇంకాస్త ఓపిక ఉన్నవారు మ్యాక్సిమమ్ కార్డు తయారు చేసుకోవచ్చు. స్టాంపు మీద ఉన్న చిమ్మట జాతినే చూపించే పిక్చర్ పోస్టుకార్డు సంపాదించి, స్టాంపును కార్డు వెనుక కాకుండా బొమ్మ ఉన్న వైపే అంటించి, దాని మీద ముద్ర వేయించాలి. బొమ్మ, స్టాంపు, ముద్ర ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉండాలన్నది నియమం. కార్డు మీది బొమ్మ స్టాంపు బొమ్మకు అచ్చమైన నకలు కాకూడదు, అదే జాతికి చెందిన వేరే ఫోటో అయితే ఉత్తమం. ఇటువంటి కార్డులు మన ఊళ్లలో దొరకడం కష్టం కనుక, విడుదల వార్త వచ్చిన రోజునుంచే వెతుకులాట మొదలుపెట్టాలి.

భూతద్దంతో చూడవలసినవి

స్టాంపు చేతికి వచ్చాక పదిరెట్లు పెంచి చూపే భూతద్దం కింద పెట్టి నిదానంగా చూడండి. వేళ్లతో పట్టుకోవద్దు, చివర్లు చదునుగా, నున్నగా ఉండే స్టాంపు ట్వీజర్ వాడండి. బ్యూటీ పార్లర్ సామానులో దొరికే, లోపల గరుకు గీతలున్న ట్వీజర్ కాగితం మీద గాటు పెడుతుంది. ముందుగా మీసాలు, అంటే తల మీది స్పర్శశృంగాలు చూడండి. సీతాకోకచిలుకలకు ఇవి సన్నగా సాగి చివర చిన్న గుండులా ముగుస్తాయి. చిమ్మటల్లో చాలావాటికి ఆ గుండు ఉండదు, మీసాలు దారంలా గాని ఈకలా గాని ఉంటాయి. చాలా జాతుల్లో మగదాని మీసాలు వెడల్పైన దువ్వెనలా, ఆడదాని మీసాలు సన్నగా ఉంటాయి కనుక చిత్రకారుడు గీసింది ఆడదా మగదా అన్నది కూడా తరచుగా ఇక్కడే తెలిసిపోతుంది. తెలిసినదాన్ని పేజీలో రాయండి, చూసేవారికి మీ శ్రద్ధ కనిపిస్తుంది.

పగటిపూట ఎగురుతూ, సీతాకోకచిలుకను మించిన రంగులతో ఉండే చిమ్మటలు కూడా ఉన్నాయి. మడగాస్కర్ దీవిలోని సన్‌సెట్ మాత్‌ను 1773లో డ్రూ డ్రూరీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు మొదట వర్ణించినప్పుడు సీతాకోకచిలుకగానే భావించాడు. శాస్త్రజ్ఞునికే అటువంటి భ్రమ కలిగినప్పుడు, సీతాకోకచిలుకల వరుసగా విడుదలైన స్టాంపుల్లో చిమ్మటలు కలిసిపోవడంలో వింత లేదు. పాత వరుసలను ఈ దృష్టితో మళ్లీ వెతికితే చిమ్మటల సేకరణ తేలికగా పెరుగుతుంది.

తరువాత స్టాంపు అంచు పళ్లు చూడండి. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులు ఉన్నాయో కొలిచేదే పెర్ఫరేషన్ గేజ్. ఒకే బొమ్మ వేర్వేరు చిల్లుల కొలతలతో వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఈ కొలత రాసిపెట్టుకోవాలి. నాలుగు మూలల పళ్లూ పూర్తిగా ఉండాలి, వెనుక జిగురు మీద వేలిముద్ర గాని మడత గాని ఉండకూడదు. లోపం కనిపిస్తే అక్కడికక్కడే కౌంటరులో చెప్పి మార్చుకోండి.

మన గాలిలో దాచిపెట్టడం

నెల్లూరు జిల్లాలో మైపాడు, ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం వంటి తీరప్రాంతపు ఊళ్లలో ఉండేవారికి స్టాంపుల పాలిట శత్రువు తేమ. ఈశాన్య రుతుపవనాలు ప్రవేశించే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, వాయుగుండం పట్టిన రోజుల్లో ముఖ్యంగా, ఇంట్లో ఉప్పు నీరు కారుతుంది, అప్పడాలు మెత్తబడతాయి. స్టాంపు వెనుక జిగురు కూడా అదే రోజుల్లో మెత్తబడి పేజీకి అంటుకుంటుంది, ఒకసారి అంటుకున్న వాడని స్టాంపును జిగురు చెడకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. ఆ తేమ నెలల తరబడి నిలిస్తే కాగితం మీద బూజు వల్ల గోధుమ రంగు చుక్కలు పడతాయి. వాటిని ఇంట్లో పోగొట్టే మందు లేదు, అవి పక్క స్టాంపులకు పాకకుండా చుక్కపడిన దాన్ని వేరు చేయడమొక్కటే మార్గం.

అందువల్ల వాడని స్టాంపులను పేజీకి నేరుగా అంటించవద్దు. వాటిని పాలియెస్టర్ లేదా పాలిప్రొపిలీన్ మౌంట్లలో (స్టాంపు పట్టే పారదర్శకపు చిన్న తొడుగుల్లో) గాని, స్టాంపులను పట్టీల్లో దోపి ఉంచే మంచి స్టాక్ బుక్కులో గాని ఉంచండి. పీవీసీతో చేసిన మెత్తటి సంచులు, ఫోటో ఆల్బంలు వద్దు. వాటిలో మెత్తదనం కోసం కలిపే రసాయనాలు కాలక్రమేణా బయటికి వచ్చి రంగును, కాగితాన్ని పాడుచేస్తాయి. ముట్టుకుంటే జిడ్డుగా తగిలి, కొత్త షవర్ కర్టెన్ వాసన వచ్చే ప్లాస్టిక్ అయితే అనుమానించవలసిందే. స్టాంపును పేజీకి అంటించే చిన్న జిగురు కాగితపు ముక్కలు, అంటే పేపరు హింజ్‌లు, ముద్ర పడిన పాత స్టాంపులకు మాత్రమే పనికివస్తాయి.

స్టాక్ బుక్కులను ఒకదాని మీద ఒకటి దొంతరగా పెట్టకుండా నిలువుగా నిలబెట్టండి. దొంతరలో అడుగున ఉన్న పుస్తకం మీద పడే బరువుకు తేమ తోడైతే జిగురు అంటుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. ఇనుప బీరువాను బయటి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి, వానకు తడిసిన గోడ చెమ్మ బీరువా వెనుక రేకుకు చేరకుండా ఉంటుంది. లోపల సిలికా జెల్ సంచులను స్టాంపులకు తగలకుండా మూలల్లో పెట్టండి. నారింజ రంగు గింజలు తేమ పీల్చుకున్నప్పుడు పచ్చగా మారతాయి. అప్పుడు వాటిని వెడల్పాటి పాత మూకుడులో, వంటకు వాడనిదానిలో, సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్లీ నారింజ రంగుకు వచ్చి పనికి సిద్ధమవుతాయి. కార్తీకమాసం ముసురు రోజుల్లో వారానికొకసారి వాటి రంగు చూసుకోవాలి, వేసవిలో అంత అవసరం ఉండదు.

కలరా ఉండలు వద్దు, వాటి ఆవిరి కొన్ని రంగులకు, ప్లాస్టిక్‌కు హాని చేస్తుంది. వేపాకు కూడా వద్దు, పచ్చి ఆకులోని తడి పుస్తకంలోకే పోతుంది. జిగురును, కాగితాన్ని తినే వెండి రంగు సిల్వర్‌ఫిష్ పురుగు పొడి చోట బతకలేదు కనుక తేమను అదుపులో పెడితే దాని బెడదా తగ్గుతుంది. సంక్రాంతి దాటాక ఎండ కాసే పొడి రోజు చూసి, స్టాంపుల మీద నేరుగా ఎండ పడకుండా, నీడపట్టున స్టాక్ బుక్కులను తెరిచి ఒక్కొక్క పేజీ గాలికి ఆరనివ్వండి. ఏదైనా పేజీ పట్టుకున్నట్టు అనిపిస్తే బలవంతంగా లాగకండి.

ఇక లామినేషన్ గురించి ఒక మాట. తొలిరోజు కవరును, మినియేచర్ షీట్‌ను "పాడవకుండా" లామినేట్ చేయించే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. లామినేట్ చేసిన స్టాంపుకు సేకర్తల దృష్టిలో విలువ సున్నా. సెలోటేపు, ఫెవికాల్ కూడా అంతే.

వాడిన స్టాంపులను కాగితం నుంచి తీయడం

మీకు వచ్చిన ఉత్తరాల మీది స్టాంపులను చుట్టూ ఒక వేలి వెడల్పు కవరు కాగితం వదిలి కత్తిరించి, మామూలు చల్లని శుభ్రమైన నీటిలో బొమ్మ పైకి ఉండేలా తేలనివ్వండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో కాగితం దానంతట అదే జారిపోతుంది. ఎర్ర, పసుపు, ముదురు నీలం కవర్ల ముక్కలను వేరే గిన్నెలో నానబెట్టకపోతే ఆ రంగు మిగతావాటికి అంటుతుంది. తరువాత వెనుకవైపు మిగిలిన జిగురును వేలితో మెల్లగా రుద్ది కడిగి, అచ్చు లేని తెల్ల కాగితం మీద బొమ్మ కిందికి ఉండేలా ఆరబెట్టి, పూర్తిగా ఆరాక బరువైన పుస్తకం కింద రెండు రోజులు ఉంచాలి. అమెరికా వంటి దేశాల ఈ కాలపు స్టిక్కరు స్టాంపుల్లో చాలావరకు నీటికి వదలవు. వాటిని కాగితంతోనే చక్కగా కత్తిరించి ఉంచండి. ప్రయాణించిన కవరు మీద ముద్ర శుభ్రంగా ఉంటే మాత్రం అసలు కత్తిరించవద్దు, కవరుకు కవరే దాచండి.

ఆల్బం పేజీ, దాని వెనుక కథ

చిమ్మట స్టాంపులను దేశాల వరుసలో పేర్చడం సులువే కాని చప్పగా ఉంటుంది. పురుగు జీవితాన్ని, మనిషితో దానికున్న సంబంధాన్ని అనుసరించి పేర్చండి. పట్టుపురుగు ఒక అధ్యాయం అవుతుంది, ఎందుకంటే పట్టునిచ్చేది కూడా చిమ్మటే. మద్ది చెట్ల ఆకులు తిని టస్సర్ పట్టునిచ్చే ఆంథెరియా మైలిట్టాను దాని పక్కన పెట్టవచ్చు. రెక్కలు విప్పితే సుమారు పాతిక సెంటీమీటర్ల వరకు ఉండే అట్లాస్ చిమ్మట పెద్దయ్యాక ఏమీ తినదు, గొంగళిగా ఉన్నప్పుడు దాచుకున్న శక్తితోనే ఒకటి రెండు వారాలు బతికి గుడ్లు పెట్టి చనిపోతుంది. గన్నేరు, నందివర్ధనం ఆకులు తినే గొంగళి నుంచి వచ్చే పచ్చని ఓలియాండర్ హాక్ మాత్ మన పెరళ్లలోనే కనిపిస్తుంది.

రైతు ఇళ్లలో పుట్టిన సేకర్తలు ఇంకొక అధ్యాయం రాయగలరు. నెల్లూరు వరిచేలలో మొవ్వు చనిపోవడానికి, తెల్లకంకులకు కారణమయ్యే కాండం తొలుచు పురుగు పెరిగి పెద్దదైతే పసుపు రెక్కల చిన్న చిమ్మట అవుతుంది, ఆడదాని ముందు రెక్క మీద ఒక్కొక్క నల్లచుక్క ఉంటుంది. ప్రకాశం పొగాకు తోటల్లోని లద్దె పురుగు, 2018లో మన దేశంలో మొదటిసారి కనిపించి మొక్కజొన్నను పట్టిన కత్తెర పురుగు కూడా చిమ్మటల పిల్లలే. వీటి మీద స్టాంపులు దొరకకపోయినా, వరి, పొగాకు, మొక్కజొన్న స్టాంపులను ఆ పేజీలో కలిపి కథ నడపవచ్చు.

పేజీలో రాత ఎలా ఉండాలో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. బ్రిటన్ తపాలా సంస్థ 2008లో అంతరించిపోతున్న కీటకాల మీద విడుదల చేసిన పది స్టాంపుల్లో బార్బెర్రీ కార్పెట్ అనే చిమ్మట ఒకటి. "అరుదైన చిమ్మట, 2008" అని రాస్తే చూసేవారు పేజీ తిప్పేస్తారు. "దీని గొంగళి బార్బెర్రీ పొద ఆకులనే తింటుంది. గోధుమకు కుంకుమ తెగులు తెచ్చే బూజుకు ఆ పొదే ఆశ్రయమని రైతులు దానిని నరికివేయడంతో ఈ చిమ్మట దాదాపు కనుమరుగైంది" అని రాస్తే, ఆ చిన్న బిళ్ల ముందు మనిషి నిలబడతాడు. ప్రతి స్టాంపుకూ రెండు వాక్యాలు మించవద్దు. శాస్త్రీయ నామం, విడుదల సంవత్సరం, చిల్లుల కొలత చిన్న అక్షరాలతో కింద రాయండి. రాత కోసం ఆమ్లం లేని మందపాటి కాగితం వాడండి, స్టాంపు వెనుక ఏమీ రాయవద్దు.

ప్రదర్శనలకు పంపే ఉద్దేశం ఉంటే పేజీలను ప్రదర్శించే ఒక ఫ్రేములో పదహారు పేజీలు పడతాయని మనసులో పెట్టుకుని పథకం వేసుకోండి. ఇంట్లో ఆరు నుంచి తొమ్మిదో తరగతి చదివే పిల్లలు ఉంటే తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం గురించి హెడ్ పోస్టాఫీసులో అడగండి. స్టాంపుల సేకరణను అలవాటుగా చేసుకుని, చదువులోనూ బాగా ఉండే విద్యార్థులకు ఏడాదికి 6000 రూపాయల ఉపకార వేతనం ఇస్తారు. దానికి పాఠశాల స్టాంపుల క్లబ్బులో సభ్యత్వం గాని, పైన చెప్పిన డిపాజిట్ ఖాతా గాని ఉండాలి, రాతపరీక్ష తరువాత స్టాంపుల మీద ఒక ప్రాజెక్టు సమర్పించాలి. ప్రాజెక్టుకు చిమ్మట మంచి అంశమే, కాని రాత పిల్లలదే కావాలి, పెద్దలు స్టాంపులు వెతికిపెట్టి ట్వీజర్ పట్టుకోవడం నేర్పితే చాలు.